కట్టినవాడి చెవి

సముద్రం అవతలి డాక్టరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందని చిన్నల్లుడు ఫోను పట్టుకుని లేచి నిలబడ్డాడు. నాణేల షాపులో ఉన్నది ముగ్గురే అయినా, నిండు సభలో చదివినట్టు, మన మాటల్లోకి మార్చుకుంటూ చదివాడు.

"నాణెం భద్రంగా చేరింది. దాన్ని తీసి చూడకముందే మీరు పంపిన వీడియో చూశాను. ఇంత ఓర్పున్న చేతుల్ని ఆపరేషన్ గదిలో కూడా నేను అరుదుగా చూశాను. ఇకమీద ఏది కొన్నా మీ దగ్గరే కొంటాను. దయచేసి మీ చేత్తోనే కట్టి పంపండి."

మామగారు భూతద్దం పక్కన పెట్టి నవ్వారు. "మన పనితనం ఆపరేషన్ గది దాకా వెళ్ళిందన్నమాట."

పెద్దల్లుడు బల్ల దగ్గర అట్టముక్క కొలిచి కోస్తున్నాడు. అతని కత్తెర ఆగలేదు. డాక్టరు మెచ్చుకున్న చేతులు అతనివి.

దేశం దాటి వెళ్ళే ప్రతి నాణేన్నీ కట్టేటప్పుడు వీడియో తీయాలన్నది బీమా కంపెనీ పెట్టిన షరతు. నాణేన్ని రెండు వైపులా చూపించాలి, తూకం చూపించాలి, నాణేనికి సరిపడే చిన్న ప్లాస్టిక్ డిబ్బీలో పెట్టి, అట్టల మధ్య బిగించి, పెట్టెకి చివరి టేపు వేసేదాకా మధ్యలో ఎక్కడా కెమెరా ఆగకూడదు. కట్టేది పెద్దల్లుడు. ఫోను పట్టుకుని ఇంగ్లీషులో వివరం చెప్పేది చిన్నల్లుడు. మొహాలు పడవు. చూసేవాళ్ళకి రెండు చేతులు కనిపిస్తాయి, ఒక గొంతు వినిపిస్తుంది, కింద చిన్నల్లుడి పేరు ఉంటుంది. చేతులకి గొంతును, గొంతుకి పేరును ఎవరైనా అతికించుకుంటారు. అందులో డాక్టరు తప్పేమీ లేదు.

"ఆయనకి నిజం రాయాలి అన్నయ్యా" అన్నాడు చిన్నల్లుడు. "కానీ ఏమని రాయను? చేతులు మా తోడల్లుడివి, గొంతు నాది అంటే, వీళ్ళేదో అతుకుల మనిషిని పెట్టి వ్యాపారం చేస్తున్నారని జడుసుకుంటాడు."

మామగారు కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. పెద్దల్లుడు కూడా నవ్వాడు. నవ్వాల్సినంతే నవ్వాడు.

నవ్వులయ్యాక మామగారు అసలు విషయానికి వచ్చారు. బీమా ఈ నెలతో అయిపోతోంది. కొత్త పాలసీలో ఒక మార్పు పెట్టారట. పార్శిళ్ళు సీలు వేసే మనిషి ఎవరో పేరు రాసివ్వాలి. ఒక్క పేరే. ఆ పేరున్నవాడు కట్టిందే కట్టినట్టు, వాడు జవాబు చెప్పిందే జవాబు.

"అందులో ఆలోచించడానికి ఏముంది మామయ్యా?" అన్నాడు పెద్దల్లుడు.

"చూద్దాం" అన్నారాయన.

మామగారు 'చూద్దాం' అంటే బేరం ఇంకా తెగలేదని అర్థం. ఆ మాట అమ్మేవాళ్ళతో అనగా పెద్దల్లుడు ఎన్నోసార్లు విన్నాడు. తనతో అనగా వినడం ఇదే మొదలు.

ఇంటికొచ్చి భార్యతో చెబితే ఆవిడ బట్టలు మడతపెడుతూ వింది.

"ఇంతకీ డాక్టరు మీ చేతుల్ని మెచ్చుకున్నాడా లేదా?"

"మెచ్చుకున్నాడు. వాడివనుకుని."

"పోనీ లెండి. మొహం చూసుంటే అదీ మెచ్చుకునేవాడు కాదు" అని, ఆయన నవ్వకపోయేసరికి మడత ఆపింది. "మా చెల్లెలి మొగుడు మంచివాడేనండీ. కాస్త నోరెక్కువ, అంతే."

"నోటికున్న ధర చేతికి లేదు. అదే నేననేది."

మర్నాడు చిన్నల్లుడు ఒక ఫోను స్టాండు కొనుక్కొచ్చాడు. బల్ల అంచుకి మరతో బిగించి, మెడ వంచితే కింద ఉన్నదంతా తీస్తుంది. ఇక ఫోను పట్టుకోడానికి మనిషి అక్కర్లేదు. అంటే మాట్లాడేవాడికి రెండు చేతులూ ఖాళీ. ఆ లెక్క పెద్దల్లుడికి స్టాండు బిగించకముందే అర్థమైంది.

డాక్టరు ఈసారి వెండి నాణేల జత అడిగాడు. ఒకే రాజు బొమ్మ, వేరువేరు టంకసాలల్లో కొట్టినవి. రాజు చెంప మీద మెరుపు కూడా అరగకుండా నిలిచిన జత దొరకడం కష్టం. మామగారు వాటిని అంచు పట్టుకుని తప్ప తాకేవారు కాదు. షాపులో ఉన్న సరుకులో వాటికి రాసిన బీమానే పెద్దది.

"ఇవి నేను కడతాను మామయ్యా" అన్నాడు చిన్నల్లుడు. "డాక్టరు ఎలాగూ నా చేతులే అనుకుంటున్నాడు. ఒక్కసారైనా ఆయన మాట నిజం చేద్దాం."

మామగారు ఇద్దరి వైపూ చూశారు. "కట్టు. చూద్దాం."

పెద్దల్లుడు కుర్చీ ఖాళీ చేశాడు. కిటికీ పక్కకి వెళ్ళి నిలబడి, మొదటిసారిగా తన పనిని బయటి మనిషిలా చూశాడు. చిన్నల్లుడు చేతులకి నూలు తొడుగులు వేసుకున్నాడు. నాణేన్ని తిప్పి చూపించాడు, తూచాడు. మాట తడబడలేదు. వేళ్ళు కాస్త తడబడ్డాయి కానీ అదేమంత కనిపించేది కాదు. డిబ్బీల దగ్గరికి వచ్చేసరికి రెండు నాణేలకీ ఒకే సైజు తీశాడు.

రెండో టంకసాల నాణెం వెంట్రుకవాసి చిన్నది. చేత్తో పట్టుకుని అలవాటైనవాడికి తెలుస్తుంది, కంటికి తెలియదు. దానికి చిన్న సైజు డిబ్బీ కావాలి. అవి కింది సొరుగులో వెనకవైపు ఉంటాయి. పెద్దల్లుడు సొరుగు వైపు చూశాడు. అడిగితే చెబుదామనుకున్నాడు. చిన్నల్లుడు అడగలేదు. డిబ్బీ మూత చిటుక్కున పడింది. అట్టలు బిగిశాయి, బుడగల కవరు చుట్టుకుంది, పెట్టె మూసుకుంది. పెట్టె పైన షాపు పేరు గానీ, నాణెం అన్న మాట గానీ లేకుండా చిరునామా అతికించాడు. లోపల ఏముందో కస్టమ్స్ వాళ్ళ కాగితానికీ బీమా వాళ్ళ కాగితానికీ తెలిస్తే చాలు, దారి పొడుగునా మోసే ప్రతి చేతికీ తెలియక్కర్లేదు.

కాగితం దాచినా చప్పుడు దాగదు. అందుకే ఆ షాపులో ఒక పద్ధతుంది. కట్టినవాడి చెవిని నమ్మకూడదు అంటారు మామగారు. వాడికి భయం ఉంటే లేని చప్పుడు వినిపిస్తుంది, గర్వం ఉంటే ఉన్న చప్పుడు వినిపించదు. పొట్లం కట్టింది ఒకరైతే ఊపి చూసేది ఇంకొకరు. ఊపినవాడు ఏమీ అనకుండా వెళ్ళాల్సిన పార్శిళ్ళ బుట్టలో పెడితే బాగున్నట్టు. మోగితే 'విప్పు' అంటాడు. ఇన్నాళ్ళూ పెద్దల్లుడు కట్టేవాడు, చిన్నల్లుడు ఊపేవాడు.

"ఇవాళ మీ వంతు అన్నయ్యా" అని చిన్నల్లుడు పెట్టె అందించాడు.

పెద్దల్లుడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపాడు. చాలా సన్నటి చప్పుడు. గోరు మీద గోరు రాసినంత. ఇంకోసారి ఊపాడు. ఉంది. నాణెం డిబ్బీలో కదులుతోంది. దారంతా ఇలాగే కదిలితే ముందు అరిగేది ఎత్తుగా ఉన్న చోటు. అంటే రాజుగారి చెంప.

చిన్నల్లుడు పరీక్ష రాసిన పిల్లాడిలా అతని మొహంలోకే చూస్తున్నాడు.

పోతే ఏం పోతుంది, బీమా ఉంది కదా అనుకున్నాడు పెద్దల్లుడు. కంపెనీ వాళ్ళు ఇస్తారు, షాపుకి నష్టం లేదు, డాక్టరుకీ నష్టం లేదు. తరుగు ఒక్క మెప్పులోనే. ఆ మెప్పు ఎలాగూ వాడిది కాదు. లెక్క సరిపోయింది. పెట్టెను బుట్టలో పెట్టాడు.

చిన్నల్లుడు ఊపిరి వదిలాడు. "అమ్మయ్య" అన్నాడు.

మర్నాడు పొద్దున బీమా కంపెనీ నుంచి ఒకావిడ వచ్చింది. పాలసీ మార్చే ముందు షాపు చూసుకోవాలట. ఇనప్పెట్టె చూసింది, తలుపు గొళ్ళాలు లాగి చూసింది, కింది అంతస్తులోని టైలరు షాపు ఎప్పుడు మూస్తారని అడిగింది. టీ ఇస్తుంటే పెద్దల్లుడు మాటవరసకి అన్నట్టు అడిగాడు.

"దారిలో ఏదైనా పాడైతే మొత్తం ఇస్తారు కదండీ?"

"పోతే ఇస్తాం. ఎవరైనా కాజేస్తే ఇస్తాం. వాన పడి, పెట్టె నలిగి పాడైనా ఇస్తాం" అంది ఆవిడ టీ ఊదుకుంటూ. "పెట్టె పెట్టెలాగే ఉండి లోపల సరుకు పాడైతే మాత్రం ఇవ్వం. అది మీ చేతిపని. మీ చేతిపనికి మేమెక్కడ బీమా చేస్తాం?"

పెద్దల్లుడికి నిన్నటి లెక్క మొత్తం అడ్డం తిరిగింది. ఆ నష్టం షాపుది. షాపుదంటే మామగారిది, రేపెప్పుడైనా తనది. పక్కవాడి ఇంటికి నిప్పు పెడదామని చూస్తే మధ్య గోడ తనదే అయింది.

టైలరుతో పని ఉందని చెప్పి మెట్లు దిగి, టైలరు షాపు దాటి, నేరుగా కొరియర్ ఆఫీసుకి నడిచాడు. పార్శిల్ ఇంకా అక్కడే ఉంది. వెనక గదిలో, సాయంత్రం వెళ్ళే సంచుల పక్కన, బూడిదరంగు అరలో కనిపిస్తూనే ఉంది.

"వెనక్కి తీసుకోవచ్చండీ" అంది కౌంటరు అమ్మాయి. "పంపినవాళ్ళ ఫోనుకి ఒక నంబరు వస్తుంది. అది చెబితే ఇచ్చేస్తాను."

పంపినవాడు చిన్నల్లుడు. పెద్దల్లుడు పక్కకి జరిగి ఫోను చేశాడు. ఏమని చెప్పాలో దారిలోనే అనుకున్నాడు. అనుమానంగా ఉంది తమ్ముడూ, ఇంకోసారి చూద్దాం, అంతే. పెద్ద మాటలు అక్కర్లేదు.

"అన్నయ్యా, మీకే చేద్దామనుకుంటున్నా" అన్నాడు చిన్నల్లుడు, గొంతులో సంతోషం పట్టకుండా. "డాక్టరు ఇప్పుడే రాశాడు. నిన్నటి వీడియో చూశాట్ట. ఏమన్నాడో తెలుసా? ఈసారి మీ చేతుల్లో ఇదివరకటి కన్నా నేర్పు కనిపించింది అన్నాడు. ఇదివరకటి కన్నా అంట. మీరు నవ్వకండి. నేనైతే ఇందాకట్నుంచి నవ్వుతూనే ఉన్నా."

కౌంటరు అమ్మాయి తూకం యంత్రం మీద దుమ్ము తుడుస్తోంది.

"హలో? ఎందుకు చేశారన్నయ్యా?"

"ఏం లేదు" అన్నాడు పెద్దల్లుడు. "షాపులో టీ పొడి ఉందా, తెమ్మంటావా అని."

"ఉంది కానీ, తీసుకురండి. ఇవాళ ఎక్కువ తాగుతాం."

అతను టీ పొడి కొన్నాడు. ఖరీదైన రకమే కొన్నాడు.

తర్వాతి రోజుల్లో పార్శిల్ ఏ ఊరు దాటిందో చిన్నల్లుడు పొద్దునా సాయంత్రం చెబుతూ వచ్చాడు. పెద్దల్లుడు ఆ కబురు వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి సర్దేవాడు. పోయిందని కబురొస్తే బాగుండునని ఒక పూట అనుకునేవాడు. పోతే బీమా వస్తుంది, ఎవరి చెయ్యీ బయటపడదు. ఏమీ కాకుండా చేరితే బాగుండునని ఇంకో పూట అనుకునేవాడు. కానీ అలా చేరితే వచ్చే ఉత్తరం ఎలా ఉంటుందో తలుచుకోగానే ఆ కోరిక సగంలోనే ఆగిపోయేది.

వచ్చిన ఉత్తరం చిన్నది. చిన్నల్లుడు దాన్ని నిలబడి చదవలేదు. ఫోను మామగారి ముందు పెట్టాడు. ఫోటోలో రాజుగారి చెంప మీద, రుద్దినట్టు, తెల్లటి మచ్చ మెరుస్తోంది. పెట్టెకి గీత కూడా పడలేదని, డిబ్బీ వదులుగా ఉందని, ఇష్టం లేకపోయినా జత మొత్తం వెనక్కి పంపుతున్నానని డాక్టరు రాశాడు.

మామగారు ఫోటో పెద్దది చేసి చూశారు. చాలాసేపు చూశారు. మెరుపు పోయిన నాణేన్ని మళ్ళీ మెరిపించే విద్య లేదు. రుద్దితే ఇంకా చస్తుంది.

"ఊపింది ఎవరు?" అన్నారు.

"నేనే" అన్నాడు పెద్దల్లుడు.

"తప్పు నాది మామయ్యా" అన్నాడు చిన్నల్లుడు. "డిబ్బీ చూసుకోలేదు. కట్టాక నాకు ఏదో కదిలినట్టే అనిపించింది. కానీ కట్టినవాడి చెవి కదా, నమ్మకూడదనుకున్నా. అన్నయ్య ఊపి బుట్టలో పెట్టారు. ఆయనకే వినిపించలేదంటే నాది ఉత్త భయమే అనుకున్నా."

మామగారు పెద్దల్లుడి వైపు తిరిగారు. "నీకు వినిపించిందా?"

వినిపించిందంటే ద్రోహి అవుతాడు. లేదంటే చెవిటివాడు అవుతాడు. ఇలాంటి బేరంలో ఎప్పుడూ ఇరుక్కోలేదు పెద్దల్లుడు. రెండూ నష్టమే. ఏది తక్కువ నష్టమో ఎంచుకోవడానికి మామగారు ఇచ్చిన సమయం చూపు ఆనినంతసేపు.

"లేదు మామయ్యా."

"ఏ మాత్రం?"

"ఏ మాత్రమూ లేదు."

ఆయన మొహంలో కోపం కనిపించలేదు. "నాకూ ఈ చెవుడు ఇంచుమించు నీ వయసులోనే మొదలైంది" అన్నారు. తర్వాత గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి చెప్పారు. "బీమా కాగితంలో, చిన్నవాడి పేరు, రాయిస్తాను. డిబ్బీ సైజు నేర్పితే వస్తుంది. చెవి నేర్పితే రాదు. ఏమనుకోకు."

ఆ రోజు నుంచి అందరూ అతనితో గట్టిగా మాట్లాడారు. టైలరు కింది నుంచి అరిచి కుశలం అడిగాడు. భార్య మందుల షాపు నుంచి చెవిలో వేసే చుక్కలు తెచ్చింది. చుక్కలు వేసి, తల పక్కకి వంచి పట్టుకుని, "నాతో ముందే చెప్పొచ్చుగా" అని గుమ్మం దాకా వినిపించేలా అంది. ఇన్నాళ్ళూ తను పిలిస్తే పలక్కపోవడం పొగరనుకున్నానని చెప్పి కళ్ళు తుడుచుకుంది. అతను తల వంచుకునే ఉన్నాడు.

అందరికన్నా చిన్నల్లుడే ఓపికగా ఉండేవాడు. భుజం మీద చెయ్యి వేసి, ఎదురుగా వచ్చి, పెదవులు కనిపించేలా మాట్లాడేవాడు. కొనేవాళ్ళు ఏదైనా అడిగితే ముందు తను విని, ఇటు తిరిగి మళ్ళీ చెప్పేవాడు. ఎదుటివాళ్ళు విసుక్కుంటే వాళ్ళకి కన్నుసైగ చేసి బతిమాలేవాడు. పెద్దల్లుడికి ఇది అన్నిటికన్నా ఎక్కువగా మండింది. మంచివాడనిపించుకునే అవకాశం కూడా వాడికే దక్కింది, అదీ తన ఖర్చుతో.

ఒక మధ్యాహ్నం అతను గోడ వైపు తిరిగి అద్దాల అర తుడుస్తున్నాడు. వెనక మామగారు గొంతు తగ్గించకుండా, పెంచకుండా మామూలుగా మాట్లాడుతున్నారు. వినపడని మనిషి ఉన్న గదిలో గొంతు తగ్గించడం ఎందుకు?

"పెద్దవాణ్ణి ఇంట్లో ఉండమంటే బాగుంటుందేమో. వాటా ఎక్కడికీ పోదు."

"ఆ మాట అనకండి మామయ్యా" అన్నాడు చిన్నల్లుడు. "కట్టడం ఆయన్నే కట్టనివ్వండి. ఊపడానికి చెవి కావాలి గానీ కట్టడానికెందుకు? కాగితంలో ఆయన పేరే రాయించండి. నేను డాక్టరుకి కూడా రాసేశా. మీరు మెచ్చుకున్న చేతులు మా అన్నయ్యవి, జత పాడైంది నా చేతిలో అని."

"అలా రాస్తే మళ్ళీ కొంటాడా?"

"కొనకపోతే మానె. అబద్ధపు మెప్పు ఎన్నాళ్ళు తింటాం?"

తుడిచిన అద్దాన్నే పెద్దల్లుడు మళ్ళీ తుడిచాడు. వెనక్కి తిరగడానికి వీల్లేదు. చెవిటివాడు అలాంటి మాటకి తిరగడు. తనకి కావలసిన పేరు ఇప్పుడు వాడు దానంగా ఇప్పిస్తున్నాడు. వాడి మీద కోపానికి ఇన్నాళ్ళూ వెతికిన కారణాలన్నీ ఒక్కసారిగా చెల్లని నాణేలయ్యాయి. ఆశ్చర్యమేమిటంటే కోపం మాత్రం పోలేదు. కాస్త పెరిగింది కూడా.

"చూద్దాం" అన్నారు మామగారు.

సంతకాల రోజు బీమా ఆవిడ కాగితాలు తీసుకుని వచ్చింది. అప్పటికీ ఎవరి పేరో మామగారు తేల్చలేదు. పేరు రాసుకునే ముందు, సీలు ఎలా వేస్తారో ఒకసారి తన ఎదురుగా చూపించమంది. వేరే దేశం వెళ్ళాల్సిన రాగి నాణేలు రెండున్నాయి. చిన్నల్లుడు స్టాండు మెడ వంచి, ఫోను పెట్టి మొదలుపెట్టాడు. ఈసారి డిబ్బీలు సరిగ్గానే తీశాడు, మూతలు వేసేముందు వేలితో తట్టి చూశాడు. కానీ పక్కనే ఒక మనిషి కూర్చుని ప్రతి కదలికా రాసుకుంటోంది. చెమట తొడుగుల్లోకి దిగుతోంది. అట్టల మధ్య రెండో డిబ్బీ బిగించేటప్పుడు టేపు ఒక అంచున పట్టుకుంది, రెండో అంచున జారింది. అది చూసుకోకుండానే కవరు చుట్టేశాడు.

పెద్దల్లుడు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. అక్కడ్నుంచి టేపు కనిపించదు.

"ఊపేది రెండో మనిషి" అని మామగారు ఆవిడకి వివరించారు. "మా పెద్దల్లుడికి వినికిడి తగ్గింది. ఇవాళ నేనే చూస్తాను." పెట్టె తీసుకుని చెవి దగ్గర ఊపారు. కళ్ళు మూసుకుని ఇంకోసారి ఊపారు. ముసలి చెవికి ఏమీ అందలేదు. పెట్టెను బుట్టలో పెట్టారు. చిన్నల్లుడు తొడుగులు విప్పుకోబోయాడు.

కిటికీ దగ్గరికి మాత్రం ఆ చప్పుడు అందింది. రెండోసారి మరీ స్పష్టంగా.

నోరు మూసుకుంటే ఏమవుతుందో పెద్దల్లుడికి తెలుసు. వాడు ఇప్పిస్తానన్న పేరు వస్తుంది, జాలి వస్తుంది, వాడి చేతిలో ఇంకో నాణెం పాడవుతుంది. లెక్క ఎటు నుంచి కూడినా లాభమే చూపిస్తోంది. అతను లెక్క పూర్తి చేయకముందే నోరు తెరుచుకుంది.

"విప్పు."

ముగ్గురూ ఇటు తిరిగారు. "ఏమన్నావ్?" అన్నారు మామగారు, అలవాటుకొద్దీ గట్టిగా.

"విప్పమన్నాను. అట్టల మధ్య కదులుతోంది."

బీమా ఆవిడ కలం ఆపి మెచ్చుకోలుగా చూసింది. "అంత దూరం నుంచి విన్నారా? వినికిడి తగ్గిందన్నారు. మీ చెవులు బంగారమండీ."

మామగారు పెట్టెను బుట్టలోంచి తీసి బల్ల మీద పెట్టి, పెద్దల్లుడినే చూస్తూ అడిగారు. ఈసారి గొంతు పెంచలేదు.

"డాక్టరు జత కట్టిన రోజు కూడానా?"

"ఆ రోజు కూడా."

చిన్నల్లుడి చెయ్యి ఫోను దాకా వెళ్ళి వీడియో ఆపింది. ఆపాక ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉండిపోయింది. తర్వాత స్టాండు సరిచేసి, పాత టేపు ఊడబెరకడం మొదలుపెట్టాడు. టేపు చప్పుడు గదంతా వినిపించింది.

"మరి ఎవరి పేరు రాసుకోమంటారు?" అంది బీమా ఆవిడ.

"చిన్నవాడిదే" అన్నారు మామగారు. "ఊపేవాడి పేరు రాసే చోటు కూడా ఉంటే చెప్పండి."

"అలాంటిదేమీ లేదండీ."

"పోనీండి. అది మేం గుర్తుపెట్టుకుంటాం."

ఆవిడ రాసుకుని, సంతకాలు పెట్టించుకుని, టీ తాగి వెళ్ళింది. మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు టైలరు షాపు దాటేదాకా వినిపించింది. చిన్నల్లుడు బల్ల మీదికి వంగి అట్టలు విడదీస్తున్నాడు. టేపు మొండికేసింది. తల ఎత్తకుండా, పక్కనున్న మనిషికి తప్ప వినపడనంత మెల్లగా అన్నాడు.

"కత్తెర ఇటివ్వండి."

ఆ మాటకి ముందు గానీ వెనక గానీ అన్నయ్యా అని లేదు. పెద్దల్లుడు ఒక్క క్షణం ఆగాడు, ఇంకేమైనా వస్తుందేమోనని. తర్వాత లేచి వెళ్ళి, మొన తన వైపుకి తిప్పుకుని కత్తెర అందించాడు.